తూకమా, పొడవా? పండుగప్ప చెప్పు జీవరహస్యము

నెల్లూరు అంగడిలో పండుగప్పను కొని కోయించినవారు ఒక విచిత్రమును గమనించియే యుందురు. రెండు మూడు కిలోల చేపను ఎన్ని మారులు కోయించినను దాని పొట్టలో గుడ్ల సంచి సాధారణముగా కానరాదు; పది పన్నెండు కిలోలు దాటిన చేప గుడ్లు పెట్టు ఋతువులో దొరికినదైనచో, కత్తి పెట్టినంతనే గుడ్లు బయటపడును. చిన్నది ఇంకను ఈడేరలేదు కాబోలునని సరిపెట్టుకొనవచ్చును గాని, ఆ సమాధానము సగము ప్రశ్నకే చెల్లును. తక్కిన సగము ఇది: అంగడికి వచ్చు భారీ పండుగప్పలలో మగవి ఏవి? ఆడ చేపలు ఇరువది కిలోలకు పైగా పెరుగుచుండగా, వానితో పుట్టిన మగవి ఏ వయస్సున, ఏ నీటిలో ఆగిపోయినవి?

అవి ఎక్కడను ఆగిపోలేదు. ఆ మగవియే ఈ ఆడవి. పండుగప్ప తన యౌవనమును మగ చేపగా గడిపి, వయస్సు ముదిరిన పిమ్మట ఆడ చేపగా మారు జాతికి చెందినది. జీవశాస్త్రములో చాలకాలముగా ఎరిగిన ఈ విషయము నేడు ఒక క్రీడకు సంబంధించిన వివాదమును తీర్చుటకు పనికివచ్చుచున్నది. గాలముతో చేపలు పట్టువారు, అందును ఈకలతో కట్టిన కృత్రిమపు ఎరను విసరి పట్టు ‘ఫ్లై’ క్రీడాకారులు, తమలో తాము స్నేహపూర్వకముగా పోటీపడి, ఎవరికెంత చేప చిక్కినదో వ్రాసిపెట్టుకొందురు. ఆ వ్రాతలో చేప తూకమును చేర్చవలెనా, పొడవును చేర్చవలెనా అనునదే వివాదము. పైకి ఇది స్వల్పవిషయముగా తోచును. కాని పండుగప్ప జీవితమును తెలిసికొన్నవానికి ఆ రెండు అంకెల నడుమ ఒక జాతి భవిష్యత్తే నిలిచియున్నదని బోధపడును.

బరువులేని ఎరను విసరుట

సామాన్యమైన గాలములో దారము కొసనున్న ఎరకో, సీసపు గుండుకో బరువుండును. ఆ బరువే దారమును తనవెంట నీటిలోనికి లాగికొనిపోవును. ఫ్లై క్రీడలో ఈ వ్యవహారము తలక్రిందులగును. ఎర యనగా ఇనుప కొక్కెమునకు ఈకలను, వెంట్రుకలను, మెరుపు పోగులను కట్టి చిన్న చేపవలెనో, రొయ్యవలెనో భ్రమ గొలుపునట్లు చేసిన వస్తువు; దానికి చెప్పదగిన బరువు లేదు. కావున బరువు దారములోనే ఉంచబడును. పండుగప్ప వంటి చేపలకు వాడు ఎనిమిదవ నంబరు దారములో మొదటి 30 అడుగుల భాగము 210 గ్రెయిన్లు, అనగా సుమారు 13.6 గ్రాములు తూగును. కర్రను వెనుకకు, ముందుకు ఊపినప్పుడు, బండివాడు చర్నాకోలను ఝళిపించినట్లు, చేతినుండి పుట్టిన వేగము క్రమక్రమముగా సన్నబడు దారము వెంట పరుగెత్తి కొసకు చేరును. ఈకల ఎర ఆ కొసను పట్టుకొని ఎగిరిపోయి నీటిపై మెల్లగా వాలును.

నీటిలో వాలిన పిమ్మట ఆ ఎరను చేప ఏల నమ్మవలెను? పండుగప్ప వేటాడుట ఎక్కువగా మసక వెలుతురులోను, బురదనీటిలోను. దాని కంటి వెనుక భాగమున కాంతిని తిప్పికొట్టు పొర యొకటి కలదు. కంటిలో ప్రవేశించిన కొద్దిపాటి వెలుగు ఆ పొరను తాకి, గ్రాహకకణముల మీదుగా రెండవసారి పయనించును. రాత్రివేళ దీపము పడినప్పుడు దాని కన్ను నిప్పువలె మెరయుటకు కారణ మిదియే. దీనికి తోడు శరీరమునకు ఇరుప్రక్కల తలనుండి తోకవరకు వ్యాపించిన పార్శ్వరేఖలోని సూక్ష్మరోమములు నీటి కదలికను పసిగట్టును. క్రీడాకారుడు దారమును కొద్దికొద్దిగా లాగి, ఆపి, మరల లాగినప్పుడు ఈకలు ముడుచుకొని విచ్చుకొనుచు ఈదుచున్న ప్రాణి సవ్వడిని నీటిలో పుట్టించును. మసకలో ఆకారము కొంత, సవ్వడి కొంత సరిపడిన వెంటనే చేప తీర్పు చెప్పివేయును. అది కొరకదు, రెప్పపాటులో నోటిని పెద్దగా తెరచును, లోపలి పీడనము హఠాత్తుగా తగ్గును, చుట్టునున్న నీరు ఎరతో సహా లోపలికి దూసికొనిపోవును.

పట్టువడిన చేప తల విదిలించినప్పుడు దాని మొప్పల మూత అంచు కత్తివలె దారమును కోయును. అందుచేతనే అంతర్జాతీయ నియమములలో, రికార్డుకు లెక్కింపబడు సన్నని దారము కనీసము 38 సెంటీమీటర్లు ఉండవలెననియు, దానికిని ఎరకును నడుమ కోతకు తట్టుకొను మందపు దారమును 30 సెంటీమీటర్లకు మించకుండ కట్టుకొనవచ్చుననియు వ్రాసియున్నారు. పోటీ న్యాయముగా సాగవలెనన్నచో చేపకు తప్పించుకొను అవకాశము మిగులవలెనను ధర్మబుద్ధి ఈ కొలతలలో కనబడును. నాకు ఈ క్రీడపై గౌరవము కలుగుటకు ఇదియొక హేతువు.

వ్రాసిపెట్టుట అను అలవాటు

చిక్కిన చేపను వ్రాసిపెట్టుట మన తీరమునకు కొత్తకాదు. పద్దెనిమిదవ శతాబ్ది చివర విశాఖపట్టణమున ఈస్టిండియా కంపెనీ వృక్షశాస్త్రజ్ఞుడుగా నుండిన పాట్రిక్ రస్సెల్, జాలరులు తెచ్చిన చేపలను చూచి చిత్రములు గీయించి, వారు పలికిన తెలుగు పేర్లతోనే 1803లో రెండువందల చేపల గ్రంథమును ప్రకటించెను. ఆ గ్రంథము నాధారము చేసికొని ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు కూవియే 1816లో ఒక చేపకు పేరు పెట్టినప్పుడు తెలుగు పేరే శాస్త్రనామమై నిలిచినది. కానాగంతను ప్రపంచమంతటి శాస్త్రజ్ఞులు నేటికిని ‘కనగుర్త’ అనియే వ్రాయుచున్నారు. మద్రాసు సివిల్ సర్వీసులోని హెన్రీ సల్లివన్ థామస్ 1873లో భారతదేశపు గాలపు క్రీడపైనను, 1887లో చెరువులలోని గాలపు వేటపైనను గ్రంథములు వెలువరించెను. ఫ్రాన్సిస్ డే 1875 మొదలు 1878 వరకు ప్రకటించిన భారతదేశ మత్స్యముల మహాగ్రంథము ఇప్పటికిని ప్రమాణమే.

క్రీడారికార్డుల లెక్కకు ఒక ప్రపంచసంస్థ 1939లో న్యూయార్కులోని ప్రకృతిచరిత్ర ప్రదర్శనశాలలో ఏర్పడినది. దానినే అంతర్జాతీయ క్రీడామత్స్య సంఘము, ఐ.జి.ఎఫ్.ఎ. అందురు. చిరకాలము ఆ సంఘము తూకమునే ప్రమాణముగా గొన్నది. పండుగప్పలో దాని అత్యధిక రికార్డు 44.64 కిలోలు, ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండు రాష్ట్రమున మోండురాన్ జలాశయములో 2010 డిసెంబరులో చిక్కిన చేప అది. 2011లో ఆ సంఘమే, చేపను కొలపలకపై పరుండబెట్టి కొలిచి, ప్రాణముతో విడిచిపెట్టినవారికై పొడవు రికార్డుల పట్టికను వేరుగా ప్రారంభించినది.

పెట్టె: పడవలో త్రాసు ఏల చెల్లదు?

పడవ అలపైకి లేవనారంభించునప్పుడు త్రాసునకు వ్రేలాడు చేప ఉన్నదానికంటె బరువుగా తూగును. అల దిగనారంభించునప్పుడు తేలికగా తూగును. చేప మారలేదు, దానిని మోయుచున్న ఆధారము మాత్రమే వేగమును మార్చుకొనుచున్నది. అందుచేత తూకపు రికార్డుకు చేపను నేలపైకి తెచ్చి తూచవలెనని నియమము. నేలకు చేరునప్పటికి చేప ప్రాయికముగా చచ్చియే యుండును. పొడవునకు ఈ చిక్కు లేదు. ముక్కును పలక అంచునకు ఆనించి, నోరు మూసి, తోక కొసను చదివినచో పడవ ఎంత ఊగినను సెంటీమీటరు సెంటీమీటరే.

లెక్క మారినచో ఆట మారును

చేప పొడవు రెండింతలైనచో బరువు రెండింతలు గాదు. పొడవుతో పాటు వెడల్పును, మందమును కూడ రెండింతలగును గనుక బరువు ఇంచుమించు ఎనిమిదింతలగును. 60 సెంటీమీటర్ల పండుగప్ప మూడు కిలోల లోపుననే తూగగా, 120 సెంటీమీటర్లది ఇరువది కిలోలు దాటును. తూకమును బట్టి పోటీ నడచినచో ఒక్క పెద్ద చేపను పట్టినవాడు ఏడెనిమిది చిన్న చేపలను పట్టినవానితో సమానుడగును. తక్కినవారు చిన్నవానిని నిర్లక్ష్యము చేసి పెద్దవానికొరకే కాచుకొందురు.

1981లో లక్సెంబర్గులో ప్రారంభమైన ప్రపంచ ఫ్లై పోటీలలో వేరొక లెక్కను అవలంబించుచున్నారు. నిర్ణీతమైన కనీసపు పొడవు గల ప్రతి చేపకును 100 గుణములు, దానితోపాటు మొత్తపు పొడవులో ప్రతి సెంటీమీటరునకు 20 గుణములు. 40 సెంటీమీటర్ల చేప యొక్కటి 900 గుణములు తెచ్చును. 20 సెంటీమీటర్ల చేపలు రెండు కలసి 1000 గుణములు తెచ్చును. తూకములో ఎనిమిదింతలు బరువైన చేప ఇక్కడ రెండు చిన్న చేపలకు ఓడిపోవును! కొక్కెమునకు ముల్లు ఉండరాదు. ప్రతి క్రీడాకారుని చెంత ఒక పరిశీలకుడు నిలిచి కొలత తీసికొనును. చేప మరల నీటిని చేరును. ఈ పోటీలలో ప్రధానముగా ట్రౌటు జాతులనే పట్టుదురు గాని, ఆ లెక్కలోని వివేకము మన చేపకును వర్తించును. ఆస్ట్రేలియా ఉత్తరభాగమున డేలీ నదిలో జరుగు పండుగప్ప పోటీలలోను పట్టుట, కొలుచుట, విడుచుట అనునదే పద్ధతి.

మగది ఆడదగుట

ఇప్పుడు మొదటి ప్రశ్నకు తిరిగి రావలసియున్నది. 1979లో మూర్ అను శాస్త్రజ్ఞుడు పాపువా న్యూగినీ తీరపు పండుగప్పలను పరిశీలించి, వీనిలో లింగపరివర్తనము స్వాభావికముగా జరుగుచున్నదని స్థాపించెను. పండుగప్ప మూడు నాలుగు సంవత్సరముల వయస్సున మగ చేపగా ఈడేరును. ఒకటి రెండు ఋతువులో, అంతకంటె ఎక్కువయో మగ చేపగా సంతానోత్పత్తిలో పాల్గొనిన పిమ్మట, సాధారణముగా ఆరు మొదలు ఎనిమిది సంవత్సరముల నడుమ, 80, 90 సెంటీమీటర్ల పొడవు దాటిన దశలో, దాని శరీరములోని పురుష హార్మోనును స్త్రీ హార్మోనుగా మార్చు ఎంజైము విజృంభించును. బీజకోశములోని పురుషకణజాలము క్షీణించును. దాని స్థానమున అండకణజాలము పెరుగును. కొన్ని మొదటనే ఆడవిగా పుట్టుటయు కలదు గాని అవి స్వల్పము.

ప్రకృతి ఈ క్రమమునే ఏల ఎన్నుకొన్నది? పురుషబీజము మిక్కిలి సూక్ష్మమైనది; చిన్న శరీరము సైతము దానిని కోట్లకొలది తయారుచేయగలదు. అండమునకు ఆహారపు నిలువ కావలెను. దానిని మోయుటకు పొట్టలో చోటు కావలెను. కావున చిన్ననాడు మగదిగాను, పెద్దనాడు ఆడదిగాను ఉన్న చేపకు జీవితము మొత్తముమీద సంతానము అధికమగును. గ్రూపర్ జాతులలో ఒక బలిష్ఠమైన మగ చేప పెక్కు ఆడ చేపలను తన ఏలుబడిలో ఉంచుకొనును గనుక అక్కడ క్రమము తారుమారై, చిన్నవి ఆడవిగా నుండి పెద్దవి మగవగును. రెండు చోట్లను సూత్రమొక్కటే: ఏ లింగమునకు దేహపరిమాణము వలన ఎక్కువ లాభము కలుగునో, ఆ లింగము జీవితపు రెండవ భాగమునకు కేటాయింపబడును.

దీనినుండి రాబట్టవలసిన ఫలితము కఠినమైనది. తూకపు పోటీ పండుగప్ప జాతిలో ఆడ చేపలనే వెదకి వెదకి తీసివేయు యంత్రమగును. ఒక మీటరు దాటిన చేపను ఒడ్డునకు తెచ్చి త్రాసునకు వ్రేలాడదీసినవాడు, తనకు తెలియకయే, తల్లిని ఎన్నుకొన్నాడు. అందును మామూలు తల్లిని కాదు. పెద్ద ఆడ పండుగప్ప ఒక్క ఋతువులో కోటికి మించి గుడ్లను పెట్టగలదు. 342 సముద్రపు చేపజాతులను పరిశీలించి 2018లో ప్రకటించిన ఒక అధ్యయనములో, పెద్ద తల్లి తన బరువునకు తగినదానికంటె ఎంతో అధికముగా సంతానమునిచ్చునని తేలినది. అట్లాంటిక్ కాడ్ చేపలలో 30 కిలోల తల్లి యొక్కటి పెట్టు గుడ్లకు సమానముగా గుడ్లు కావలెనన్నచో రెండు కిలోల తల్లులు 28 కావలెను. ఆ 28 చేపల మొత్తపు తూకము 56 కిలోలు! పెద్దది ఒకటి పోయినచో దాని తూకమునకు సరిపడు చిన్నవి మిగిలినను లోటు తీరదు.

క్వీన్స్‌లాండు ప్రభుత్వము ఈ సత్యమునే శాసనముగా మార్చినది. అక్కడ 58 సెంటీమీటర్లకు తక్కువైన పండుగప్పను ఉంచుకొనరాదు. 120 సెంటీమీటర్లకు మించినదానిని కూడ సామాన్యముగా ఉంచుకొనరాదు. అడుగు హద్దు పిల్లలను కాచును, పై హద్దు తల్లులను కాచును. పైన చెప్పిన 44.64 కిలోల చేప విషయములో మాత్రము న్యాయము వేరు; అది పిల్లలను తెచ్చి వదలి పెంచిన జలాశయపు చేప. పండుగప్ప గుడ్లు పొదుగుటకు ఉప్పునీరు కావలెను గనుక ఆనకట్ట వెనుక మంచినీటిలో బందీయైన చేప ఎంత పెద్దదైనను అక్కడ సంతానము లేనిదే.

ముఖద్వారముల కథ

ఉప్పునీరు కావలెనన్న ఈ ఒక్క నియమము నెల్లూరు తీరమునకు ప్రాణప్రదము. పండుగప్ప నదీముఖముల చెంత, ఉప్పదనము గల నీటిలో గుడ్లు పెట్టును. పిల్లలు పోటుతో కలసి ఉప్పుటేరులలోనికి, కయ్యలలోనికి కొట్టుకొనివచ్చి, అచట రొయ్యలను, చిన్న చేపలను తిని పెరిగి, నీరున్నంతమేర నదులలోనికి, కాలువలలోనికి ఎగబ్రాకును. ఈడేరిన మగవి మరల ముఖద్వారమునకు దిగివచ్చి, అచ్చట నున్న పెద్ద ఆడ చేపలను కలసికొనును. అనగా దాని జీవితమంతయు రాకపోకలే. ఆ రాకపోకలకు వాకిళ్లు ముఖద్వారములు.

ఊటుకూరు చెంత పెన్న సముద్రమును కలయుచోటు, కృష్ణపట్టణము వద్ద కండలేరు ఉప్పుటేరు, స్వర్ణముఖి మొగ, దక్షిణమున పులికాటు సరస్సునకు దారియిచ్చు రాయదొరువు మొదలైన ముఖద్వారములు (2022 ఏప్రిల్ జిల్లాల విభజనలో పులికాటు ప్రాంతము తిరుపతి జిల్లాలో చేరినను చేపలకు ఆ హద్దు లేదు) ఇవియే ఆ వాకిళ్లు. తీరము వెంబడి అలలు ఎల్లప్పుడు ఇసుకను మోసికొనిపోవుచు ముఖద్వారములను పూడ్చుచుండును. నదీప్రవాహము, సరస్సునుండి వెనుదిరుగు పాటునీరు ఆ ఇసుకను తిరిగి సముద్రములోనికి నెట్టుచుండును. ఎగువ సోమశిల వంటి జలాశయములలో నీరు నిలిచి, దిగువకు వరద తగ్గిన సంవత్సరములలో ఇసుకదే పైచేయి యగును. ఇసుకమేట వేసినప్పుడు లోపలి చేప బయటికి, బయటి పిల్ల లోపలికి పోజాలవు. పులికాటు ముఖద్వారముల పూడికను తీయించవలెనని అచ్చటి మత్స్యకారులు ఏండ్ల తరబడి మొరపెట్టుకొనుచున్నది ఇందుకే. వారి మొరలో పూర్తిగా శాస్త్రము కలదు.

చెన్నైలోని కేంద్రీయ ఉప్పునీటి జలకృషి సంస్థ 1997లో పండుగప్పను బందీస్థితిలో గుడ్లు పెట్టించి పిల్లలను తీయుటలో విజయము సాధించినది. చెరువులలో పండుగప్పను పెంచు రైతులకు అది గొప్ప ఉపకారము. అయినను చెరువులో పెరిగి అంగడికి పోవు చేప ముఖద్వారపు తల్లికి ప్రత్యామ్నాయము కాదు.

విడిచినంతమాత్రమున బ్రతుకునా?

కొలిచి విడిచిపెట్టుట పుణ్యకార్యమని తలచి చేతులు దులుపుకొనరాదు. గాలమునకు చిక్కి పోరాడునప్పుడు చేప తెల్లకండరములు ఆమ్లజని చాలక, నిలువయున్న చక్కెరను ఆమ్లజని లేకయే దహించును. లాక్టిక్ ఆమ్లము రక్తములో పేరుకొనును. దానిని కడుగుకొనుటకు పోరాటము ముగిసిన తరువాత చేప వేగముగా శ్వాసింపవలెను. సరిగా ఆ క్షణముననే మనము దానిని నీటినుండి పైకెత్తి చిత్రము తీసికొనుటకు నిలుతుము! గాలిలో మొప్పల పలుచని రేకులు ఒకదానికొకటి అంటుకొనిపోవును, ఊపిరి ఆగును.

1992లో ఫెర్గుసన్, టఫ్ట్స్ అను శాస్త్రజ్ఞులు రెయిన్‌బో ట్రౌటు చేపలపై చేసిన ప్రయోగము ఈ విషయమున మరువరానిది. అలసిపోవునంత వరకు ఈదించి నీటిలోనే ఉంచిన చేపలలో 12 శాతము చచ్చినవి. అట్లే అలసినవానిని 30 సెకండ్లు గాలిలో నుంచగా 38 శాతము, 60 సెకండ్లు ఉంచగా 72 శాతము చచ్చినవి. ట్రౌటు చల్లనినీటి చేప, పండుగప్ప దానికంటె గట్టిది. ఆ శాతములను యథాతథముగా ఇక్కడికి తీసికొనిరాకూడదు. కాని మన నీరు వెచ్చనిది. 20 డిగ్రీల మంచినీటిలో లీటరునకు సుమారు 9 మిల్లీగ్రాముల ఆమ్లజని కరగగా, 30 డిగ్రీలలో 7.5 మిల్లీగ్రాములే కరగును. ఉప్పునీటిలో ఇంకను తక్కువ. ముల్లులేని కొక్కెము, తడిచేయి, తడిపలక, గాలిలో కొద్ది సెకండ్లు, పెద్ద చేపను దవడ పట్టి నిలువుగా వ్రేలాడదీయక రెండు చేతుల అడ్డముగా మోయుట, మరల ఈదు బలము వచ్చువరకు నీటిలో పట్టియుంచుట: ఇవి లేనిదే విడిచిపెట్టుట పేరునకే విడిచిపెట్టుట.

మన తీరమునకు కావలసిన పట్టిక

క్వీన్స్‌లాండు అంకెలను మనము అరువు తెచ్చుకొనరాదు. పండుగప్ప ఏ పొడవున మగదిగా ఈడేరునో, ఏ పొడవున ఆడదగునో ప్రాంతమును బట్టి మారును. ఆస్ట్రేలియాలోనే కొన్ని నదులలో అది మిక్కిలి చిన్నతనముననే మారుచున్నది. పెన్న ముఖద్వారపు చేపకు పై హద్దు ఎంతయుండవలెనో పెన్న ముఖద్వారపు కొలతలే చెప్పవలెను. పండుగప్పను పట్టి జీవించు పట్టపువారిని నేనిచ్చట ఉద్దేశింపలేదు. వారిది కూటిప్రశ్న, దానికి పరిష్కారము ప్రభుత్వమును వారును కూర్చుండి ఆలోచింపవలసినది. ఏటేట ఏప్రిల్ 15 మొదలు జూన్ 14 వరకు 61 దినములు తూర్పుతీరమున యాంత్రిక పడవలకు వేట నిషిద్ధమైనప్పుడు ఆ భారమును మోయుచున్నవారు వారే. నా విన్నపము వినోదమునకై గాలము పట్టు యువకులతో మాత్రమే.

మైపాడు మొదలు పులికాటు వరకు ఏ ముఖద్వారమున మీరు కర్ర విసరినను, స్నేహితులతో పోటీ పెట్టుకొనుడు. పోటీ లేనిదే ఆటకు రుచి లేదు. కాని తూకమును ఆ పోటీనుండి తొలగింపుడు. ప్రతి చేపకును తేదీ, స్థలము, పోటో పాటో, ముఖద్వారము తెరచియున్నదో మూసియున్నదో, పొడవెంతో, విడిచినప్పుడు స్వయముగా ఈదినదో లేదో వ్రాయుడు. చిన్న చేపలను వ్రాయుట మానకుడు. పెద్దవానిని మాత్రమే చూపు పట్టిక నీటిలో పెద్దవియే ఉన్నవను అబద్ధమును పలుకును. చేప పడక వట్టిచేతులతో తిరిగివచ్చిన దినమున ఎన్ని గంటలు నిలిచితిరో అదియు వ్రాయుడు, ఏలయన శ్రమకు ఫలమెంత అనునది తెలిసినప్పుడే జాతి పెరుగుచున్నదో తరుగుచున్నదో లెక్కకట్టుట సాధ్యమగును. ఇటువంటి పట్టికలు ముఖద్వారమునకొకటి చొప్పున కొన్ని సంవత్సరములు సాగినచో, వానిని మత్స్యశాఖకును, కేంద్రీయ సంస్థల శాస్త్రజ్ఞులకును అందింపుడు. 80 సెంటీమీటర్లు దాటిన పండుగప్పను మాత్రము, మన తీరపు అసలు హద్దు తేలువరకు, కొలిచిన వెంటనే నీటికి అప్పగింపుడు.